కోడితో కొలిచిన ఇల్లు

సంకటి ఎప్పుడూ కుడివైపుకే తిప్పాలట. ఎడమవైపుకి తిప్పితే ఏమవుతుందని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. "తిప్పరు," అంది మా అత్తగారు అగ్లాయా. అంతే జవాబు. అప్పట్నుంచీ మొక్కజొన్న పిండిని కుడివైపుకే తిప్పుతున్నాను. యాష్ నగరంలో కెమిస్ట్రీ చదివినదాన్ని, పిండికి దిక్కులు తెలియవని నాకు తెలుసు. కానీ ఆ సంగతి చెప్పడానికి గరిటె ఆపాలి. గరిటె ఆపితే ఉండలు కడతాయి. ఉండలు కడితే మా ఆయన వలేరియు ఒక్కో ఉండనీ ఫోర్కుతో పైకెత్తి, "ఇదేమిటి ఇలింకా, ప్రయోగమా?" అంటాడు. నేను బడిలో పాఠాలు చెప్పిన రోజుల గురించి అతనికి మిగిలిన జ్ఞాపకం ఆ ఒక్క మాటే. మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు, "ఒక్క ఏడాది సెలవు పెట్టు చాలు," అన్నాడు. మామగారు పోయారు. మా అమ్మాయి పెద్దదై క్లూజ్‌కి చదువుకోడానికి వెళ్ళిపోయింది. నా సెలవు మాత్రం ఇంకా నడుస్తోంది.

ఆ శుక్రవారం పొద్దున కూడా తిప్పుతూనే ఉన్నాను. పెరట్లోంచి కూత వినపడింది. తుప్పు పట్టిన గేటుని ఎవరో బలవంతంగా తెరిచినట్టుంది ఆ కూత. మాకు పుంజు లేదు. వేసవిలో నక్క ఎత్తుకుపోయింది. కిటికీలోంచి చూశాను. కట్టెల మోపు మీద నిలబడి, మెడ చాచి, కళ్ళు మూసుకుని కూస్తోంది మా మోత్సా. నా పెట్ట.

అత్తగారి చేతిలో గిన్నె కిందపడింది. సిలువ గుర్తు వేసుకుని, రవిక ముందుకి లాగి, కీడు తగలకుండా రొమ్ములోకి మూడుసార్లు తుఫుక్కున ఉమ్ముకుంది. "పెట్ట కూసింది! వలేరియూ, పెట్ట కూసింది! ఈ ఇంట్లోంచి శవం లేస్తుంది!"

వలేరియు ఫోన్లోంచి తలెత్తకుండా, "పుంజు లేదు కదమ్మా. ఎవరో ఒకరు ఆ డ్యూటీ చెయ్యాలిగా," అన్నాడు.

"నీకు వేళాకోళంగా ఉందిరా. మా మేనత్త ఇంట్లో ఇలాగే కూసింది. కొలవలేదు. ఈస్టర్‌కల్లా మేనత్త లేదు." నా వైపు తిరిగింది. "కొలవాల్సిందే. తల పడితే తల, తోక పడితే తోక."

మా వైపు ఇది అందరికీ తెలిసిన లెక్క. కూసిన పెట్టని పట్టుకుని, దేవుడి పటం ఉన్న గోడ దగ్గర నేల మీద పెట్టి, తలా తోకా పొర్లిస్తూ గడప దాకా ఇల్లు కొలుస్తారు. గడప మీద తల పడితే తల నరుకుతారు. తోక పడితే తోక కోసి వదిలేస్తారు. దాంతో చావు ఇంటి మీదనుంచి తొలిగిపోతుంది.

"ఇవాళే కానిద్దామా?" అన్నాడు వలేరియు. భౌగోళిక శాస్త్రం చెబుతాడు మా హైస్కూల్లో. భూమి గుండ్రంగా ఉందని పిల్లలకి చెప్పి ఇంటికొచ్చి, వాళ్ళమ్మ బల్లపరుపు అంటే బల్లపరుపే అంటాడు. "అమ్మని బాధపెట్టడం ఎందుకు?" అనేది మా కాపురానికి రాజ్యాంగం.

"ఇవాళ శుక్రవారం, ఉపవాసం. రక్తం చూడకూడదు. రేపు చచ్చినవాళ్ళ రోజు. ఎల్లుండి ఆదివారం, పని పాపం. సోమవారం నువ్వు బడి నుంచి రాగానే," అంది అత్తగారు.

మా క్యాలెండర్లో చంపకూడని రోజులు అన్ని ఉన్నందుకు మొదటిసారి దేవుడికి మనసారా దండం పెట్టుకున్నాను.

మోత్సా గుడ్డులోంచి బయటపడ్డ కొత్తలో తల్లికోడి దాన్ని తన్ని తరిమేసింది. మంచు ఇంకా కరగలేదు. ఏప్రన్ జేబులో వేసుకుని పొయ్యి దగ్గర పెంచాను. నెత్తిన ఈకల కుచ్చు వచ్చింది, అందుకే మోత్సా, అంటే కుచ్చుది, అని పేరు. ఉల్లిపాయలు తరుగుతుంటే బల్ల కింద నా పాదాల మీద కూర్చుంటుంది. బట్టలు ఆరేస్తుంటే వెనకాలే తిరుగుతుంది. నేను ఏదన్నా చెబితే తల ఒక పక్కకి వంచి, ఒంటి కన్నుతో నా మొహంలోకి చూస్తూ వింటుంది. మధ్యలో లేచి టీవీ పెట్టుకోదు. "నీ సెక్రటరీ వచ్చింది," అంటాడు వలేరియు అది లోపలికొస్తే. కొంచెం అసూయ కూడా ఉంది ఆ మాటలో. అతని వెనకాల మా ఇంట్లో ఎవరూ అలా తిరగరు మరి.

వేసవి నుంచి దానికి బాగోలేదు. మొదట పెంకు లేని గుడ్లు పెట్టింది, మెత్తగా, తడిసిన సంచుల్లాగా. తర్వాత అవీ మానేసింది. కడుపు కిందికి జారి, కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడవడం మొదలెట్టింది. అత్తగారు దాన్ని ఎత్తి బరువు చూసి సంబరపడింది. "బలిసిందే! దీని సూప్ మీద కొవ్వు వేలెడు తేలుతుంది."

"అది గింజలు ముట్టడం లేదు అత్తయ్యా. తినకుండా ఎలా బలుస్తుంది? దానికి ఒంట్లో బాగోలేదు."

"బాగోలేకపోతే ఇంకా తొందరగా వండాలి."

తినకుండా బలిసే విద్య నాక్కూడా ఆ వేసవిలోనే అబ్బింది. నా గౌన్లు నడుము దగ్గర బిగుసుకుపోయాయి. ఇంటికి వచ్చిన వలేరియు స్నేహితులకి సారా పోస్తుంటే, "చూశారా, మా ఇలింకా గుండ్రంగా తయారవుతోంది. ఇంట్లో మంచి వంటమనిషి ఉంటే అంతే మరి," అని నా వీపు తట్టాడు. అందరూ నవ్వారు. వంటమనిషి కూడా నవ్వింది.

శనివారం పట్నంలో సంత. ఉల్లిపాయలు అమ్ముకొస్తానని చెప్పి, బుట్టలో మోత్సాని పెట్టి, మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద నాలుగు ఉల్లిపాయలు పేర్చి బస్సెక్కాను. దారిలో కూస్తుందేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. కూయలేదు. బుట్టలోకి చెయ్యి పెడితే వేడిగా, బరువుగా, గుడ్డలో కట్టిన పెరుగులా తగిలింది దాని కడుపు.

పశువుల డాక్టరు తుదోసె గారు ఆవులకీ పందులకీ అలవాటు పడ్డ మనిషి. బుట్టలోంచి కుచ్చు కనపడగానే కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"కోడికా?"

"కోడికే."

"కోడికి వైద్యం పొయ్యి మీద చేస్తారమ్మా."

"మా ఇంట్లోనూ అదే అంటున్నారండీ. అందుకే ఇక్కడికి తెచ్చాను."

నవ్వాడు. నవ్వుతూనే దాన్ని బల్ల మీద పెట్టి కడుపు నొక్కాడు. నవ్వు ఆగింది. మళ్ళీ నొక్కాడు, ఈసారి నెమ్మదిగా, కళ్ళు గోడ మీద పెట్టి వేళ్ళతో చూస్తున్నట్టు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"వేసవి నుంచి."

"గుడ్లు?"

"ఆగిపోయాయి."

"తిండి?"

"రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయినట్టుంటుంది. పొద్దున లేస్తే నడుం లాగుతుంది." నా గొంతు నాకే వినపడి ఆగిపోయాను. ఆయన పట్టించుకోలేదు, లేదా పట్టించుకోనట్టు ఊరుకున్నాడు.

"కూస్తోందా?"

"నిన్న కూసింది."

తల ఊపాడు. "పెట్టకి పనిచేసే అండాశయం ఒక్కటే ఉంటుందమ్మా, ఎడమవైపు. దానిలో గడ్డ లేచి అది పాడైతే, కుడివైపు పిల్లప్పట్నుంచి నిద్రపోతున్నది మేలుకుంటుంది. మేలుకుని పుంజులా కూయిస్తుంది. జనం శకునం అంటారు. ఇది లోపల రోగం ముదిరిందని చెప్పడం." సూది తీశాడు. "ఇది కొవ్వు కాదు, నీరు. ఇంతవరకూ ఎందుకు ఆగారు?"

"జామ్ ఉంది," అన్నాను.

"ఏమిటి?"

"ప్లమ్ పళ్ళ జామ్. కాచాలి కదండీ. అది అయ్యాక మిరపకాయలూ వంకాయలూ కాల్చి సీసాల్లో పెట్టాలి. తర్వాత ద్రాక్ష కోతలు. తర్వాత బడులు తెరిచారు..."

ఆయన సూది పట్టుకుని నా వైపు చూస్తుండిపోయాడు. ఒక కోడిని డాక్టరు దగ్గరికి తీసుకురావడానికి బడులు తెరవడం ఎలా అడ్డమో ఆయనకి అర్థం కాలేదు పాపం. నాకు అర్థమైంది. ఆ జవాబు కోడిది కాదు. ఆగస్టులో ఇదే పట్నంలో ఒక డాక్టరమ్మ నా కడుపు మీద ఇలాగే చెయ్యి వేసి, ఇలాగే గోడ వైపు చూసి, "గడ్డలా తగులుతోంది. యాష్‌లో పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి," అంది. ఆ సాయంత్రమే వలేరియుకి చెప్పాను. మరీ దాచుకునే రకాన్ని కాను నేను. "వెళ్దాం వెళ్దాం," అన్నాడు. "జామ్ అయిపోనీ. అమ్మ ఒక్కతే ఎంతని చేస్తుంది?" జామ్ అయింది. "మిరపకాయలు కుళ్ళిపోతాయేమో చూడు." కాల్చాను, పొట్టు వలిచాను, వేళ్ళు మండుతుంటే పాలలో ముంచుకున్నాను. ద్రాక్షలు తొక్కాను. మళ్ళీ ఒకసారి గుర్తుచేస్తే, "ఇంకా అదేనా? చామంతి టీ తాగు. అమ్మ అన్నిటికీ అదే తాగుతుంది," అన్నాడు. తాగాను కూడా. గడ్డ వింటే నవ్వుకుని ఉంటుంది. చదువుకున్నదాన్ని, తెలివైనదాన్ని, నా రోగాన్ని నేను మిరపకాయల వెనకాల, ద్రాక్షల వెనకాల, క్యూలో నిలబెట్టాను. ఎవరూ నన్ను తాళ్ళతో కట్టెయ్యలేదు. సంకటి తిప్పినట్టే, ఒకటే దిక్కు, అలవాటైపోయింది.

సూది గుచ్చితే గంజి రంగు నీళ్ళు గిన్నెలోకి ధారగా దిగాయి. మోత్సా కళ్ళు అరమూసింది. మనుషులు బిగుతు చెప్పులు విప్పాక వదిలే ఊపిరి లాంటిది వదిలింది.

"మళ్ళీ నిండుతుంది. బతికినన్నాళ్ళు బాధ తగ్గుతుంది, అంతే," అన్నాడు తుదోసె గారు.

"కూత ఆగుతుందా?"

"కూత ఆగదమ్మా."

బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది ఎలాగూ చచ్చిపోతుంది. సోమవారం గడప మీద కత్తి కింద చస్తుందా, దాని మానాన అది నా పాదాల మీద కూర్చుని చస్తుందా, ఇంతే నా చేతిలో ఉన్నది. ఇంత చిన్నదాని కోసం అంత గుండె కొట్టుకోవడం నాకే వింతగా ఉంది. ఎవరికన్నా చెబితే నవ్వుతారు. నవ్వుతారని తెలిసినవాటినే ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టానని కూడా అప్పుడే తోచింది.

ఆదివారం అత్తగారు చర్చికి వెళ్ళింది, వలేరియు చేపలు పట్టడానికి వెళ్ళాడు. నేను సూప్ కుండ పొయ్యి మీద పెట్టి, పెద్దగది తలుపు వేసి, మోత్సాని నేల మీద పడుకోబెట్టాను. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, ఏ ప్రయోగమైనా ముందు ఒకసారి చేసి చూసుకోవాలి. దేవమాత పటం కింద మొదలుపెట్టి, తలా తోకా, తలా తోకా పొర్లించాను. అది మాట్లాడకుండా పొర్లింది. నా మీద దానికి ఎందుకో అంత నమ్మకం. గడప దగ్గరికొచ్చేసరికి తల పడింది.

మళ్ళీ కొలిచాను. తలే. మెడ కొంచెం కుదించి కొలిచాను. తలే. నేల మీద కూలబడి ఏడ్చాను. మా అత్తగారు గీసి పెట్టిన గీత దాటి ఈ ఇంట్లో ఒక్క వస్తువూ ఎప్పుడూ పడలేదు. కోడి తల మాత్రం ఎలా తప్పించుకుంటుంది? ఏడుస్తూ తల ఎత్తితే ఎదురుగా వలేరియు పెద్ద టీవీ, అందులో నల్లగా నేనూ, ఒళ్ళో కోడీ కనిపించాం. ఏడుపు మధ్యలో ఆగిపోయింది. ఫుట్‌బాల్ పోటీలప్పుడు కొన్నాడు దాన్ని. కిటికీ వెలుతురు పడకుండా ఉండాలంటే తూర్పు గోడకే పెట్టాలన్నాడు. తూర్పు గోడ మీద అతని ముత్తాత కాలం నుంచీ దేవమాత ఉంది. నేను అయ్యో అంటే, అత్తగారు, "అబ్బాయి ముచ్చటపడుతున్నాడు. దేవమాత ఏ గోడ మీదున్నా వింటుంది," అని పటాన్ని తనే దింపి ఉత్తరం గోడకి తగిలించింది. నేను ఉతికిన కర్టెన్ తప్పు కొక్కేనికి తగిలిస్తే రెండ్రోజులు మాట్లాడని మనిషి.

టీవీ బల్ల సందులోకి మోత్సాని దూర్చి, తూర్పు గోడ నుంచి కొలిచాను. తోక.

సోమవారం వలేరియు బడి నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా చిన్న గొడ్డలి తెచ్చి గుమ్మం పక్కన ఆనించాడు. నా మొహం చూడలేదు. "ఒక్క కోడి, ఇలింకా. ఇంకోదాన్ని తెస్తాను, ఇంతకన్నా పెద్ద కుచ్చుదాన్ని."

అత్తగారు స్కార్ఫు బిగించి కట్టుకుని, మోత్సాని పట్టుకుని ఉత్తరం గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఏదో ప్రార్థన గొణుక్కుంటూ పొర్లించింది. తలా తోకా. గడప మీద తల. దాని కన్ను నన్ను వెతికింది. వలేరియు గొడ్డలి కర్ర మీద చెయ్యి వేశాడు.

"అత్తయ్యా," అన్నాను. "ఏ గోడ నుంచి కొలవాలి?"

"ఇన్నేళ్ళొచ్చాయి, తెలీదా? దేవమాత గోడ నుంచి."

"దేవమాత గోడ తూర్పుది కదా అత్తయ్యా. అక్కడ ఇప్పుడు మీ అబ్బాయి టీవీ ఉంది. మనం ఇప్పుడు కొలిచింది గిన్నెల బీరువా గోడ నుంచి. ఫాదర్ గారు ఈ ఇంటిని దీవించినప్పుడు పటం ఎక్కడుందో మీకే తెలియాలి. తప్పు గోడ నుంచి కొలిచి తల తీస్తే, శకునం తీరుతుందో, మన మీదే కూర్చుంటుందో మరి. నాకేం తెలుసు?"

ఆ 'నాకేం తెలుసు' అనే మాటని నేను ఆ ఇంట్లో చాలా ఏళ్ళు నూరి పదును పెట్టుకున్నాను.

అత్తగారు పటం వైపు చూసింది. టీవీ వైపు చూసింది. మెల్లిగా తల తిప్పి కొడుకు వైపు చూసింది. అలాంటి చూపు అంతవరకూ నా మీదే పడేది. "జరుపు దాన్ని."

"అమ్మా, వైర్లన్నీ..."

"జరుపరా! వెలుతురు పడుతుందిట వెలుతురు! దేవమాతని గిన్నెల మీదకి తోసి..."

"నువ్వే కదమ్మా తగిలించావు!"

"నువ్వడిగితేనే కదరా!"

పెళ్ళయ్యాక మా ఆయన ఒక బరువైన సామాను జరపడం నేను చూడటం అదే మొదలు. బల్ల వెనకాల పాత మేకూ, పటం ఉన్నంత మేర తెల్లటి చదరమూ బయటపడ్డాయి. చదరం కింద దుమ్ము. అత్తగారు సిలువ గుర్తు వేసుకుంటూనే నా వైపు తిరిగి, "ఇక్కడ తుడవవా?" అంది.

మళ్ళీ కొలిచింది. నేను ఊపిరి బిగబట్టాను, ఎందుకంటే ఆమె చేతులు నావికావు, లాగి పట్టుకుంటాయి. తల. తోక. తల. గడప దగ్గర మోత్సా ఒక్కసారి గింజుకుంది. అత్తగారు అదిమి పట్టింది. తోక. గడప చెక్క మీద పరుచుకుని, దుమ్ముకొట్టుకుపోయిన చిన్న తోక.

వలేరియు గట్టిగా ఊపిరి వదిలి గొడ్డలి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్తగారు బట్టల కత్తెరతో ఈకలు కత్తిరించింది. నియమం అంటే నియమమే ఆమెకి, అంతవరకూ నిజాయితీపరురాలు. కానీ వెంటనే దాన్ని వదల్లేదు. ఒక చెయ్యి దాని కడుపు కింద అలాగే ఉండిపోయింది. మళ్ళీ నీరు చేరుతోంది అప్పటికే. "ఎంత బరువు," అంది. కోడి వైపు కాదు, నా వైపు, నా గౌను ముందు భాగం వైపు చూసింది. ఆమె అడుగుతుందని అనుకున్నాను. ఆడది కదా, అంతమందిని చూసింది కదా, అడుగుతుంది అనుకున్నాను. అడిగితే అక్కడే కూర్చుని అంతా చెప్పేసి ఉండేదాన్ని.

"నువ్వూ రాత్రిళ్ళు రొట్టె తగ్గించు," అని లేచింది.

మోత్సా ఆ తర్వాత కొన్నాళ్ళు బతికింది. రోజూ పొద్దున కట్టెల మోపు మీద నిలబడి, తోక లేకుండా, బ్యాలెన్సు తప్పుతూ కూసేది. అత్తగారు ఇప్పుడు ఉమ్ముకునేది కాదు. కొలత అయిపోయింది కాబట్టి ఆ కూతకి ఇక అర్థం లేదు. రోజురోజుకీ గొంతు సన్నబడింది. చివరి రోజుల్లో మోపు ఎక్కలేక నేల మీద నుంచే కూసింది. ఒక మధ్యాహ్నం బంగాళదుంపలు చెక్కుతుంటే బల్ల కిందికొచ్చి నా పాదాల మీద కూర్చుంది. పాదాలు వెచ్చగా ఉన్నాయి. తర్వాత, చెక్కడం అయిపోయేసరికి, అంత వెచ్చగా లేవు. నేను కదలకుండా చాలాసేపు కూర్చున్నాను. సీమదానిమ్మ చెట్టు కింద పూడ్చి వచ్చాక అత్తగారు, "ఆ రోజే తల పడుంటే సూపన్నా అయ్యేది," అంది.

మర్నాడు ఆమె పక్కింటి అరుగు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరకడానికి వెళ్ళింది. వలేరియు బడికి వెళ్ళాడు. సంకటికి నీళ్ళు పొయ్యి మీద కాగుతున్నాయి. పెద్దగది తుడవడానికి వెళ్ళాను. టీవీ మళ్ళీ తన గోడ దగ్గరికి వచ్చేసింది, దేవమాత గిన్నెల మీదకి. చీపురు పక్కన పెట్టాను. పిచ్చిదని ఎవరన్నా అనుకుంటారేమోనని తలుపు గడియ పెట్టి, తూర్పు గోడకి టీవీ బల్ల సందులోంచి పాదాలు ఆనించి, నేల మీద వెల్లకిలా పడుకున్నాను. తల ఎక్కడికొచ్చిందో వేలితో గుర్తు పెట్టుకుని, లేచి తిరిగి, అక్కడ తల పెట్టి మళ్ళీ పడుకున్నాను. పాదాలు ముందుకి. మళ్ళీ లేచి, మళ్ళీ పడుకున్నాను. కడుపులో ఆ బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి నాతోపాటే పొర్లింది. అది ఎంతుందో అంత స్పష్టంగా నాకు ఎప్పుడూ తెలియలేదు.

నా తల సరిగ్గా గడప మీద పడింది.

నరకడానికి ఇంట్లో ఎవరూ లేరు. లేచి గౌను దులుపుకున్నాను. పొయ్యి ఆర్పేశాను. నీళ్ళలో పిండి పొయ్యలేదు. కోటు వేసుకుని, ఆ గడపే దాటి వీధిలోకి వచ్చాను. యాష్ బస్సు చర్చి దగ్గర ఆగుతుంది. పక్కింటి అరుగు ముందునుంచే వెళ్ళాలి.

"ఎక్కడికే కోడలా, ఈ వేళప్పుడు?" అంది అత్తగారు గింజ పొట్టు ఉమ్మేస్తూ. "మధ్యాహ్నానికి ఎవరు వండుతారు?"

మా ఇంట్లో ఆడదాని గొంతు గేటు దాటకూడదని నేను కాపురానికొచ్చిన రోజే చెప్పింది ఆమె. నేను గేటు దాటే ఉన్నాను.

"యాష్‌కి, ఆసుపత్రికి!" అన్నాను. తుప్పు పట్టిన గొంతు, ఎక్కడో పైకి లేచి విరిగింది, చర్చి దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. "కడుపులో గడ్డ ఉంది అత్తయ్యా! వేసవి నుంచీ ఉంది!"

మా అత్తగారి ఒళ్ళోంచి గింజలన్నీ జారిపోయాయి. సిలువ గుర్తు వేసుకుని, రవిక ముందుకి లాగి, రొమ్ములోకి మూడుసార్లు ఉమ్ముకుంది.